ఎండాకాలంలో లేచే గీత

కంప్యూటరు వచ్చుననే పొగరు ఆ రోజుల్లో నాకు కాస్త ఎక్కువగానే ఉండేది. డిగ్రీ అయ్యాక కర్నూల్లో ఆరు నెలల కోర్సు చేసి, సర్టిఫికెట్టుకు లామినేషన్ చేయించి, పల్లెల్లో బావుల నీళ్ళు లెక్కగట్టే ఒక సంస్థలో ఆపరేటరుగా చేరాను. రెండు వేల ఐదు, ఆరు ప్రాంతం అది. వరస కరువులకు బోర్లు ఎండిపోయి, ఒక బోరు పక్కనే ఇంకో బోరు వేసి రైతులు చేతులు కాల్చుకుని ఉన్నారు. భూమి కింద నీళ్ళెన్ని ఉన్నాయో ఊరివాళ్ళే కొలుచుకుంటే ఏ పంట వేయాలో వాళ్ళే తేల్చుకుంటారని ఆ సంస్థ ఆలోచన.

ఒక్కో పల్లెలో నాలుగైదు బావులు ఎంచుకుని, ఒక్కో బావికి ఊళ్ళో ఒకరిని పెట్టారు. పదిహేను రోజులకోసారి వాళ్ళు టేపుకు కట్టిన ఇత్తడి గుండును బావిలోకి వదలాలి. గుండు అడుగు బోలుగా ఉంటుంది కాబట్టి నీళ్ళను తాకగానే టుప్పుమంటుంది. అప్పుడు టేపు మీది అంకెను రిజిస్టరులో రాయాలి. గట్టు నుంచి నీళ్ళ దాకా ఎంత లోతో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగితే నీళ్ళు దిగిపోయినట్టు, తగ్గితే పైకి వచ్చినట్టు. దాంతోపాటు ఆ ఊళ్ళో ఎంత వాన పడిందో కూడా రాసి పంపేవారు. వాటిని టైపు చేసి, వానా నీళ్ళూ ఒకే బొమ్మలో కనబడేలా చార్టు గీసి, ఊరికి తిరిగి పంపడం నా పని. ఆ చార్టును బడి గోడకు అంటించి అందరూ కూర్చుని చూసేవారు.

మొదటి నెలలో నేను గీసిన చార్టులు చూసి ఊళ్ళవాళ్ళు నవ్వారట. వానను మిల్లీమీటర్లలో కొలుస్తారు కాబట్టి ఆ అంకెలు వంద దాటేవి. బావి లోతు మీటర్లలో పది, పన్నెండు, మహా అయితే పదిహేను. రెండూ ఎడమ పక్కనున్న ఒకే కొలత మీద గీస్తే, వాన కడ్డీలు ఇంతెత్తున నిలబడేవి, నీళ్ళ గీత మాత్రం చాప మీద పడుకున్న మనిషిలా అడుగున అంటుకుని ఉండేది. ఏ ఊరి బావి చూసినా అంతే. మా బావిలో నీళ్ళు కదలనే కదలవా అని వేంపల్లె దగ్గరి రైతు ఒకాయన ఫోను చేసి మరీ అడిగాడు. అంకెలు సరిగ్గానే ఉన్నాయని నేను దబాయించాను. తప్పు నాదని ఒప్పుకునే అలవాటు నాకప్పటికి లేదు.

మా సారుది రాయచోటి పక్క పల్లె. రాళ్ళ గురించి చదువుకున్న మనిషి, రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నాడు. ఆయన నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, ఆ పడుకున్న గీత మీద రెండుసార్లు నొక్కమన్నాడు. గీత అడుగుకు అంటుకుని ఉండడం వల్ల బాణం గుర్తు దానికి తగలడమే కష్టమైంది. తగిలాక ఒక పెట్టె తెరుచుకుంది. అందులో యాక్సిస్ అన్న చోటికి పోయి సెకండరీ అని ఉన్నదాన్ని ఎంచుకుని ఓకే కొట్టాను. చార్టుకు కుడి పక్కన రెండో నిలువు కొలత పుట్టుకొచ్చింది. గీత లేచి నిలబడింది.

ఇంకొక పని మిగిలిందన్నాడు సారు. లోతు పెరిగితే గీత పైకి పోతోంది, అంటే నీళ్ళు దిగితే ఎక్కినట్టు కనబడుతోంది. ఆ కుడి కొలతను తలకిందులు చేసే గడి ఒకటి ఉంటే దానికి టిక్కు పెట్టించాడు. ఇప్పుడు పైన సున్న, కింద పదిహేను. గీత ఎక్కితే నీళ్ళు ఎక్కినట్టే. అప్పుడు వాన కడ్డీలకూ గీతకూ ఉన్న సంబంధం కనబడింది. వాన పడిన కొన్నాళ్ళకు బావి లేస్తోంది, ఎండలు మొదలవగానే కుంగుతోంది. అవే అంకెలు, నేను టైపు చేసినవే. ఇన్నాళ్ళూ అది నా ముందే ఉండి నాకు కనబడలేదు. ఆ వారమంతా పాత చార్టులన్నిటికీ రెండో కొలత తగిలిస్తూ కూర్చున్నాను. ఒక్కో గీత లేస్తుంటే తిండి కూడా గుర్తుకు రాలేదు.

అలా లేపుతుండగా బేతంచెర్ల అవతలి పల్లె ఒకటి వచ్చింది. ఆ ఊరి ఐదు బావుల్లో నాలుగు చెప్పినట్టు విన్నాయి. ఐదోది వినలేదు. వాన కాలంలో కిందికి దిగి ఎక్కడో అడుగున ఉంటోంది. మాఘం దాటి, ఎండలు ముదిరి, ఊళ్ళో మిగతా బావులన్నీ కుంగుతున్నప్పుడు మెల్లగా పైకి లేస్తోంది. మళ్ళీ తొలకరికి దిగిపోతోంది. నేను చేరకముందు నుంచీ పోగైన రెండేళ్ళ అంకెలుంటే రెండేళ్ళూ అంతే. కుడి కొలత తలకిందులు చేయడం మరిచానేమో అనుకుని మళ్ళీ చూశాను. మరవలేదు.

ఆ బావిని కొలిచే ఆమె రిజిస్టరు తీశాను. గుండ్రటి అక్షరాలు, ఐదో తరగతితో బడి మానేసినవాళ్ళు రాసే పద్ధతి. ఒక్క కొట్టివేత లేదు. చివర విశేషాలు అని ఒక గడి ఉంటుంది. మోటరు చెడిందనో, బావిలో పూడిక తీశారనో అందులో రాయాలి. ఆమె ఆ గడిని ఏడాదిలో చాలా నెలలు ఖాళీగా వదిలేసింది. నీళ్ళు లేచిన ఎండాకాలం తేదీల దగ్గర మాత్రం ఒకే మాట రాసింది. వచ్చినాడు.

ఎవరు వచ్చారు? తనిఖీకి మా ఫీల్డు మనిషి పోయాడేమో అని అడిగితే తను ఆ ఎండల్లో ఆ ఊరి గడపే తొక్కలేదన్నాడు. సారుకు చూపించాను. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, కాసేపు చూసి పెదవి విరిచాడు.

"ఇట్లా బావి యాడన్నా ఉండాదా? ఆమె ఇంట్లో కూచోని రాస్తాండాది."

అలా రాసేవాళ్ళు మరికొన్ని ఊళ్ళలో దొరికారు, ఊరి సభలో అందరి ముందూ చెప్పి తీసేశాం. ఈమెనూ అలాగే తీసేయాలన్నాడు సారు. నాకు అంతకన్నా కోపం వచ్చింది. రెండు రోజులు నా కళ్ళు కాయలు కాచేలా ఆ గీతను చూశాను కదా, ఎవరో ఇంట్లో కూర్చుని అల్లిన అంకెల కోసమా అని. నేనే పోయి పట్టుకుంటానని సారుతో చెప్పాను.

కర్నూలు నుంచి డోన్, అక్కడ రైలు మారి బేతంచెర్ల. స్టేషను బయట నుంచే నాపరాళ్ళు. బండలు కోసే మిషన్ల రొద, రోడ్డుకు అటూ ఇటూ నిలబెట్టిన బండలు, కాలవల్లో తెల్లటి పాలిష్ బురద. షేర్ ఆటోలో పల్లె చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. నా నీడ నా కాళ్ళ కిందికి చేరిపోయింది.

ఆమెకు నలభై దాటి ఉంటాయి. నుదుట రూపాయంత బొట్టు, మోచేతి దాకా మట్టి గాజులు. వాటిని చూసి వీధిలో ఇద్దరు ముసలమ్మలు మొహాలు తిప్పుకోవడం గమనించాను గానీ ఎందుకో అర్థం కాలేదు. నేను ఆఫీసు గొంతుతో రిజిస్టరు గురించి అడిగితే, ఆమె ఏమీ నొచ్చుకోకుండా, మొన్ననే కొలిచానని, కావాలంటే నన్నే కొలుచుకోమని టేపు తెచ్చి నా చేతికిచ్చింది.

బావి ఊరికి ఎగువన రాతిలోకి దిగి ఉంది. దాని నీళ్ళు ఎవరూ తోడరట. గిలక లేదు, మోటరు లేదు. గట్టు దగ్గరికి పోగానే లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి తగిలింది. చుట్టూ ఎండుగడ్డి పోచ కూడా కదలడం లేదు. ఆ గాలి ఒకసారి బయటికొచ్చి, ఆగి, మళ్ళీ వస్తోంది. నేను టేపు వదలబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది. కొంగున కట్టుకున్న గులకరాయి తీసి, బావిలోకి వంగి, పక్కింటి మనిషిని పిలిచినట్టు మామూలుగా "ఓయప్పా" అని రాయి వదిలింది. వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టింది. చప్పుడు వచ్చాక ఇక కొలుచుకోమన్నట్టు పక్కకు జరిగింది.

గుండు టుప్పుమంది. టేపు చూశాను. రిజిస్టరులో మొన్నటి అంకెకు రెండు వేళ్ళ తేడా లేదు. ఊళ్ళో మిగతా నాలుగు బావులూ కొలిచాను. అన్నీ అడుగంటుతున్నాయి. ఇదొక్కటే లేస్తోంది.

విశేషాల గడిలో ఎవరు వచ్చారని రాశావక్కా అని అడిగాను. అప్పుడు చెప్పింది. ఆమె మొగుడు నాపరాయి క్వారీలో గడ్డపార మనిషి. ఐదేళ్ళ కిందట బండ లేపుతుంటే అడుగున రాయి విరిగి బొరియ పడిందట. గడ్డపారతో సహా అందులోకి జారిపోయాడు. తాళ్ళు వదిలారు, లాంతర్లు దించారు, అడుగు తగల్లేదు. మనిషి దొరకలేదు. ఉత్త గుంత పూడ్చి, బొట్టు తీయించి కార్యం ముగిద్దామని బంధువులు కూర్చుంటే, శవాన్ని చూపిస్తే తీస్తానని ఆమె మొండికేసింది. ఆ తరువాతి ఎండాకాలం నుంచే ఈ బావి లేవడం మొదలైందట.

"ఎండల్లోనే పోయినాడు పాపా. ఎండల్లోనే వస్తాడు."

చెమట పట్టిన వీపు మీద చల్లగాలి తగిలి నాకు వణుకు పుట్టింది. భయమేసిందని ఒప్పుకోవడం ఇష్టం లేక, గబగబా అంకెలు రాసుకుని బయల్దేరాను.

ఆటో కోసం నడుస్తుంటే క్వారీ కనబడింది. పెద్ద గొయ్యి, అడుగున బండలు కోస్తున్నారు. ఊరే నీటిని డీజిల్ మోటరు ఒకటి బయటికి తోడి పోస్తోంది. ఆ నీళ్ళు పది గజాలు పారి, రాతిలో ఒక చీలికలోకి దిగి మాయమవుతున్నాయి. నేను అక్కడే నిలబడిపోయాను. వానల్లో క్వారీ పని ఆగుతుంది, మోటరూ ఆగుతుంది. ఎండల్లో పని నడుస్తుంది, మోటరూ నడుస్తుంది. నాపరాయి కూడా సున్నపురాయేనని, ఆ నేల లోపల దారులు దారులుగా ఉంటుందని సారు ఎప్పుడూ చెప్పేవాడు. క్వారీలో లెక్కలు రాసే రైటరు దగ్గర మోటరు ఎన్ని గంటలు ఆడిందో రాసుకునే పుస్తకం ఉంటే, బతిమాలి రెండేళ్ళవి రాసుకున్నాను.

మర్నాడు ఆఫీసులో వాన కడ్డీలను తీసేసి వాటి చోట మోటరు గంటలు పెట్టాను. బావి గీతను కుడి కొలత మీదికి ఎక్కించాను. కడ్డీలు ఎక్కిన చోటల్లా గీత ఎక్కింది, దిగిన చోటల్లా దిగింది. ఒక్క పక్షం కూడా తప్పలేదు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. సారు టీ తెప్పించాడు. ఆమె విశేషాల గడుల్లోంచి నేను టైపు చేసిన ఆ వచ్చినాడులన్నీ కొట్టేసి, క్వారీ మోటరు అని మార్చేశాను. నాకు అందులో తప్పేమీ తోచలేదు.

ఆ నెల ఊరి సభకు నేనే పోయి చార్టు బడి గోడకు అంటించాను. ఆమె అంకెలన్నీ నిజమేనని, ఒక్కటి కూడా ఇంట్లో కూర్చుని రాయలేదని అందరి ముందూ చెప్పాను. ఇన్నాళ్ళూ పిచ్చిదని నవ్విన వాళ్ళు తలలూపారు. కడ్డీలేమిటో గీత ఏమిటో బెత్తంతో చూపిస్తూ, మోటరు ఆడితే బావి ఎలా లేస్తుందో పూసగుచ్చినట్టు వివరించాను. ఆమె ముందు వరసలో కూర్చుని, బెత్తం పోయిన చోటల్లా చూసింది. అందరూ లేచిపోయాక నా దగ్గరికి వచ్చింది.

"అయితే ఆ నీళ్ళు మోటరువేనా పాపా?"

మోటరువేనని, ఇంక ఏ అనుమానమూ లేదని గర్వంగానే చెప్పాను. ఆమె గోడ మీది గీతను ఒకసారి వేలితో తాకింది.

"నన్ను నిలబెట్టినావు. ఆయప్పను పండబెట్టినావు."

కోపంగా అనలేదు. ఇంటికి పోయి వంట చేసుకోవాలన్నట్టు అని వెళ్ళిపోయింది. పది రోజులకు మా ఫీల్డు మనిషి చెప్పాడు, ఆమె బంధువులు గుంత తీసి ఆయన తువ్వాలు పూడ్చారని, బొట్టూ గాజులూ తీసేశారని. ఆరోజు నేను అన్నం ముందు నుంచి లేచిపోయాను. నేను చేసిందల్లా ఒక గీతను కుడి పక్క కొలత మీదికి ఎక్కించడమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. సర్దిచెప్పుకున్నంత సేపు కూడా అది నిలవలేదు.

మరుసటి ఏడు సంక్రాంతి పోయాక, వాటాల తగాదాతో ఆ క్వారీ మూతపడింది. మోటరును లారీలో వేసుకుని పోయారు. ఈ ఎండాకాలం ఆ బావి లేవదని, మన లెక్కకు అంతకన్నా రుజువు అక్కర్లేదని సారు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. నిజం చెప్పాలంటే అలా కావాలని కోరుకున్నాను కూడా. లేవకపోతే నేను చెప్పింది నిజమైనట్టు, ఆమె బొట్టు తీసింది అబద్ధానికి కానట్టు.

చైత్రంలో రిజిస్టరు వచ్చింది. అంకెలు టైపు చేస్తూ పోయాను. ఎడమ పక్క మోటరు గంటలు సున్న, సున్న, సున్న. కడ్డీలు లేని ఖాళీ బొమ్మ. కుడి కొలత మీద బావి గీత మెల్లగా పైకి లేస్తోంది. కిందటి ఏడు ఎంతెత్తు లేచిందో అంతెత్తూ లేచింది. విశేషాల గడిలో మాత్రం ఏమీ రాయలేదు. రిజిస్టరు పక్కన పెట్టుకుని అంకెలన్నీ మొదటి నుంచి మళ్ళీ సరిచూశాను.

సారు చూసి, బొట్టు పోయిన దుఃఖంలో ఈసారి మాత్రం ఇంట్లో కూర్చుని రాసేసి ఉంటుందిలే అని మెల్లగా అన్నాడు. అలా రాసి ఉంటే బాగుండునని నేను రైలెక్కాను.

ముందు క్వారీకే పోయాను. మోటరు ఉన్న చోట సిమెంటు దిమ్మె, దాని మీద తొండ. గొయ్యి అడుగున పచ్చటి నీళ్ళు కదలకుండా నిలిచి ఉన్నాయి. నీళ్ళు దిగే చీలికలో ఎండుగడ్డి, చెయ్యి పెట్టి చూస్తే వేడిగా కాలింది. చుట్టుపక్కల ఇంకే మోటరు చప్పుడూ లేదు. బండలు కోసే రొద కూడా లేని ఆ మధ్యాహ్నం నా చెప్పుల చప్పుడు నాకే ఎవరో వెనక వస్తున్నట్టు వినబడింది.

ఆమె బావి దగ్గరే ఉంది. బోసి నుదురు, బోసి చేతులు. నన్ను చూసి టేపు అందించింది. కొంగున గులకరాయి లేదు. పిలవలేదు. నేను గుండు వదిలాను. ఎప్పుడు టుప్పుమంటుందా అని కాదు, టుప్పుమనకుండా ఉంటే చాలునని విన్నాను. ఆమె రాసిన అంకె దగ్గరే, సరిగ్గా అక్కడే, టుప్పుమంది. గాలి వచ్చి మొహానికి తగిలి, ఆగి, మళ్ళీ వచ్చింది.

టేపు పైకి లాగడానికి నాకు చేతులు రాలేదు. ఆమే అందుకుని లాగి, చుట్టి, గుండును కొంగుతో తుడిచింది.

"పోయినేడు నువ్వు చెప్పినాక పిలవడం మానుకున్నా. గుంత పూడ్చినాం. ఎవురూ పిలవకుండానే వచ్చినాడు. బొట్టు తీసి తప్పు చేసినానా పాపా?"

ఆ నీళ్ళు ఇంకెక్కడి నుంచో వస్తుండవచ్చు. సారైతే రెండు కారణాలు చెప్పగలడు. అవి నా నోటిదాకా వచ్చాయి కూడా. కిందటి ఏడు ఇదే మనిషికి, ఇంతే నమ్మకంగా, ఒక కారణం చెప్పి ఉన్నాను. తప్పు నీది కాదక్కా, నాది అన్నాను. జీవితంలో ఆ మాట నేను అనడం అదే మొదటిసారేమో.

ఆమె రిజిస్టరు తెరిచి విశేషాల గడి మీద పెన్ను పెట్టి ఆగింది. ఈసారి ఏం రాయమంటావని అడిగింది. క్వారీ మోటరు అని రాయడానికి మోటరు లేదు. ఇదివరకు రాసినట్టే రాయక్కా అన్నాను. ఆమె గుండ్రటి అక్షరాలతో నింపాదిగా ఆ ఒక్క మాటా రాసింది. రాసి ఇంటి వైపు నడిచింది, బావి దాటేటప్పుడు మాత్రం బోసి నుదురు కనబడకుండా కొంగు తల మీదికి లాక్కుంది.

ఆఫీసుకు పోయాక సారు ఇంకో క్వారీ లెక్కలు తెప్పిద్దామా అన్నాడు. వద్దన్నాను. ఎడమ పక్క సున్నలను అలాగే ఉంచాను. ఆ ఏడు గీత అన్నిటికన్నా పైకి లేచిన చోట బాణం గుర్తు పెట్టి, ఆమె రాసినట్టే టైపు చేశాను.

వచ్చినాడు.